టీవీ ఏడుపు

"ఆపాకు. ఇంకొంచెం ఏడువు," అన్నాడు ఓబిలేష్.

త్రివేణికి ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. పెళ్లాన్ని ఏడిపించే మొగుళ్లు కుందుర్పిలో కొత్తేమీ కాదు. కానీ ఏడిపించి, ఎదురుగా కూర్చుని, రెప్ప వాల్చకుండా మొహంలోకి చూసే మొగుణ్ణి ఎక్కడైనా చూశామా?

ఈ పిచ్చి టీవీతో మొదలైంది. మొన్నమొన్నటిదాకా సీరియల్ అంటే ఆమడ దూరం పోయేవాడు. ఉన్నట్టుండి సాయంత్రమైతే చాలు, టీవీ ముందు తిష్ఠ వేసేవాడు. పట్టుచీరతోనే నిద్రపోయి పట్టుచీరతోనే లేచే ఆ సీరియల్ కోడలు, కాటుక చెదరకుండా ఒక్క చుక్క జార్చి ఏడుస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. పెళ్లినాటి నుంచీ దువ్వుతున్న మీసం కూడా ఒకరోజు గొరిగించుకొచ్చాడు. ఎందుకయ్యా అంటే ఎండలు ముదిరినాయన్నాడు. ఎవతో తగులుకుందని పక్కింటి ఆంజినమ్మ తేల్చేసింది. త్రివేణి కడుపు మండిపోయింది.

కొన్నాళ్లకు ఆ కోడలు కూడా ఓబిలేష్‌కు మొహం మొత్తింది.

"థూ, ఇదీ ఒక ఏడుపేనా? ఆడది ఇట్ల ఏడుస్తాదా?" అని టీవీ కట్టేసి, త్రివేణి మీద పడ్డాడు. నువ్వు కాలు పెట్టినందుకే శనక్కాయ పంట ఎండిపాయనన్నాడు ఒకరోజు. కూర చప్పగా ఉందని విస్తరి తోసేశాడు ఇంకోరోజు. ఆమె ఏడుస్తుంటే మాత్రం కదలకుండా కూర్చుని చూసేవాడు.

ఈరోజైతే మరీ అన్యాయం. పురిట్లోనే పోయిన బిడ్డ ఊసెత్తాడు.

"ఆ పొద్దు నీకు ఎట్లుండెనే?"

ఇక ఆగలేదు త్రివేణి. లోపలి గదిలో ఉన్న అత్తకు వినపడకూడదని కొంగు నోట్లో కుక్కుకుని, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, ఒళ్లంతా వణికిపోతూ ఏడ్చింది. ఆ రాతిగుండె మనిషి ఓదార్చలేదు. ఆపాకు అన్నాడు. తర్వాత లేచి చక్కాపోయాడు.

త్రివేణి సంచిలో రెండు చీరలు కుక్కుకుంది. ఆంజినమ్మ గడప దగ్గర ఆగింది.

"మా అమ్మ దగ్గరికి పోతాండా. ఇంగ రానని ఆ మనిషితో చెప్పక్కా."

పోయేముందు ఆ రెండో దాని మొహం చూడాలి. ఈమధ్య సాయంత్రమైతే మొగుడు పాత పంచాయతీ ఆఫీసు వైపు పోతాడని ఆమెకు తెలుసు. అటే నడిచింది. గుమ్మంలో అతని చెప్పులు కనిపించాయి. లోపల ఎవరో కుమిలి కుమిలి ఏడుస్తున్నారు. గొంతు బయటికి రాకుండా నొక్కుకుంటున్న ఏడుపు. దీన్నీ ఏడిపిస్తున్నాడా పాపిష్టోడు అనుకుంది త్రివేణి. కోపంలోనూ ఆ ఏడ్చేదాని మీద జాలేసింది. తలుపు తోసింది.

లోపల ఆడమనిషే లేదు. ఉగాది నాటకం నేర్పే మాస్టరు ముందు, తువ్వాలు పైటగా వేసుకుని, దాని కొసను నోట్లో కుక్కుకుని, బిడ్డ పోయిన తల్లి వేషానికి అచ్చం తనలాగే ఏడుస్తున్నాడు ఓబిలేష్.