బ్రేకు మీద కాలు

వెంకటరామప్ప కారు ఆపగానే పురుషోత్తమ్ వెనకవైపుకు పోయి చూశాడు. రెండు బ్రేకు లైట్లూ మళ్లీ పోయాయి.

"ఇది నాలుగోసారి కదప్పా?"

"అయిదు."

పురుషోత్తమ్ చింతామణిలో ఇరవై ఏళ్లుగా బండ్లకు కరెంటు పని చేస్తున్నాడు. అతను చెయ్యి పెట్టిన బండి మళ్లీ అదే రోగంతో తిరిగి రాదని పేరు. ఆ పేరును రెండు చిన్న బల్బులు గంగలో కలుపుతున్నాయి. మొదటిసారి ఉత్త బల్బులు మార్చాడు. రెండోసారి ఎర్త్ వైరు గీకి బిగించాడు. మూడోసారి ఛార్జింగ్ ఎక్కువవుతోందేమోనని మీటరు పెట్టి చూశాడు, సరిగ్గానే ఉంది. నాలుగోసారి బ్రేకు పెడల్ దగ్గరుండే స్విచ్చే మార్చేశాడు. అయినా మూడు వారాలు తిరక్కుండా పెద్దాయన బాగేపల్లి నుంచి మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"బాగేపల్లిలో మెకానిక్కులు లేరాప్పా? ఇంత దూరం వస్తాండారు?"

"ఉండారు. అంతా తెలిసినోళ్లే."

తెలిసినవాళ్లయితే మంచిదేగా అనుకున్నాడు పురుషోత్తమ్. బాగేపల్లి బజారులో ఆయనకు పప్పులూ నూనెలూ అమ్మే అంగడి ఉంది. అంగడి మనిషికి ఇంత తక్కువ మాటలేమిటో అతనికి అర్థం కాదు.

"సాయంత్రం లోపల కావల్లప్పా. లైటు పడకుంటే మా కోడలు అన్నం ముట్టదు."

"అబ్బో, అంత జాగ్రత్త మనిషా?" పురుషోత్తమ్ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

లైటు విప్పితే లోపల బల్బు బిగించే ప్లాస్టిక్కు మాడి ఉంది. గంటలకొద్దీ వెలిగితే తప్ప అలా మాడదు. అప్పుడు తట్టింది అతనికి. కొందరికి అలవాటు, బ్రేకు మీద కాలు తీయకుండానే కారు తోలుతారు.

"కారు ఎవురప్పా తోలేది?"

"కోడలే నేర్చుకునింది. మంజుశ్రీ."

"దొరికింది దొంగ! ఆయమ్మ బ్రేకు మీంద కాలు పెట్టుకొనే తోలతాండాది. కాలు తియ్యమని చెప్పండప్పా."

"చెప్పినా. తియ్యదు."

పురుషోత్తమ్‌కు ప్రాణం లేచొచ్చింది. రుజువు చూపిద్దామని చక్రం విప్పాడు. లోపల బ్రేకు ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి. అలా తోలితే అవి ఎప్పుడో అరిగిపోవాలి. పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగింది. బ్యాటరీ మీద, ఇంటి కరెంటుతో ఛార్జు ఎక్కించినట్టు, ఛార్జరు క్లిప్పుల గాట్లు ఉన్నాయి. పోయినసారి బల్బు డబ్బా మీద రాసిపెట్టుకున్న కిలోమీటర్లు తీసి కారు మీటరుతో పోల్చి చూశాడు. ఇక్కడి నుంచి బాగేపల్లికి, బాగేపల్లి నుంచి ఇక్కడికి. అంతకు మించి కారు తిరగనేలేదు.

తిరగని కారుకు బ్రేకెందుకు?

అడుగుదామని తలెత్తాడు. పెద్దాయన కారు ముందు వేలాడుతున్న బంతిపూల దండను చూస్తున్నాడు. ఆయుధపూజనాటి దండ. మూడు నెలలు దాటింది, ఎండి పొట్టు రాలుతోంది.

"దండ తియ్యలేదాప్పా?"

"ఎవురూ తియ్యలే."

ఆ గొంతు విన్నాక పురుషోత్తమ్‌కు ఇంకేమీ అడగాలనిపించలేదు. కొత్త బల్బులు బిగించి, లోపల కూర్చున్నాడు.

"నేను తొక్కుతా. పడతాండాదేమో చూడండప్పా."

వెంకటరామప్ప వెనక్కు పోయి, బంపరుకు మోకాళ్లు ఆనేంత దగ్గరగా, నట్టనడుమ నిలబడ్డాడు.

"పక్కకు రండప్పా! కారు వెనకాల అట్ల ఎవురన్నా నిలబడతారా?"

ఆయన కదల్లేదు.

"పడింది," అన్నాడు.

బాగేపల్లి దారి పొడుగునా వెంకటరామప్ప దేని గురించీ ఆలోచించలేదు. ఆలోచించడం మానేసి చాలా రోజులైంది. ఎండ వాలేసరికి ఇల్లు చేరి, కారును షెడ్డులో ఎప్పటిలాగే పెట్టి, ఇంజను ఆపి దిగాడు.

మంజుశ్రీ గడపలోనే కాచుకుని ఉంది. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది. బెల్టు పెట్టుకుంది. తాళం మాత్రం ముట్టుకోలేదు. వెంకటరామప్ప వెనక్కు పోయి నట్టనడుమ నిలబడ్డాడు. ఎర్రటి వెలుగు ఆయన పంచె మీద పడింది.

"పడిందా మామా?"

"పడిందమ్మా."

"కారు నిలిచిందా?"

"నిలిచిందమ్మా."

ఆయుధపూజనాడు టైరు కింద నుంచి దొర్లిన నిమ్మకాయ కోసం ఆమె నాలుగేళ్ల కూతురు సహన సరిగ్గా ఆయన నిలబడిన చోటే వంగినప్పుడు, కారు వెనక్కు తీస్తున్న మంజుశ్రీ బ్రేకు అనుకుని తొక్కింది ఆక్సిలరేటరు.