ఒకటిన్నర అంగుళాల గడి

మనిషి కనిపెట్టిన చిత్రహింసా సాధనాలన్నిటిలోకీ ఫారంలోని గడి అగ్రగణ్యమైనది. కొరడాకైనా ఎప్పుడో ఒకప్పుడు కనికరం పుట్టవచ్చు, గడికి పుట్టదు. ముప్పై ఏళ్లపాటు మనుషుల ఆస్తులనూ ఆయుష్షులనూ ఒక్క సంతకంతో అటూ ఇటూ చేసిన రిటైర్డ్ జడ్జిగారు, ఈ ఉదయం సొంత ఇంటి ముందుగదిలో, ఒకటిన్నర అంగుళాల గడి ఎదుట ముద్దాయిలా కూర్చుని, కలం మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు.

గడి పక్కన 'తండ్రి వృత్తి' అని అచ్చయి ఉంది.

"తొందరేం లేదు సార్," అంది ఎదుటి కుర్చీలోని పరిశోధకురాలు. జడ్జీలు పుట్టిన ఇళ్లకూ, వారు తోటి జడ్జీలతో విభేదించి విడిగా రాసిన తీర్పులకూ సంబంధమేమిటన్నది ఆమె పరిశోధన. "మొత్తం నలభై ఆరుగురు. నలభై ఐదు ఫారాలు పూర్తయ్యాయి. ఒక్కరూ తప్పకుండా అందరూ తాము పుట్టిన గుమ్మం వైపే మొగ్గారు. మీది ఆఖరుది. నా చివరి అధ్యాయం నిలవడమో కూలడమో ఆ గడిలోనే ఉంది."

"నిలవకేం చేస్తుంది తల్లీ!" టీ కప్పులు బల్ల మీద పెడుతూ జడ్జిగారి భార్య, సాక్షిగా ఎవరూ పిలవకుండానే బోనెక్కింది. "కోర్టు గేటు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషిని లేపేయాలన్న కేసేగా నువ్వు రాస్తున్నది? ఆ మిగతా ఇద్దరు జడ్జీలూ పల్లకీలో పుట్టినవాళ్లు. వాళ్లిద్దరూ ఒకవైపు, ఈయనొక్కరూ ఒకవైపు! ఆ రోజు ఇంటికొచ్చి ఈ ఒక్క మాటే చెప్పి, అన్నం కూడా ముట్టకుండా పడుకున్నారు. పన్నెండేళ్లయింది. నాకింకా కళ్లకు కట్టినట్టుంది."

"తీర్పు మీరు చదివారా ఆంటీ?"

"నూట పది పేజీలు! ఆయన రాసిన సరుకుల చీటీయే నాకు సగం అర్థం కాదు."

పరిశోధకురాలు నవ్వింది, ఎందుకో ఆ నవ్వును సగంలోనే ఆపేసింది. కాగితాల కట్టలోంచి ఒకటి తీసింది.

"ఇందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చేసింది సార్. 'ఈ గేటు దాటే ప్రతివారూ ఆ దృశ్యాన్ని చూసి కళ్లు దించుకోవలసి రావడం ఈ న్యాయస్థానానికే అవమానం.' ఇది మీ కలమే కదూ?"

"నాదే."

భార్య కళ్లొత్తుకుంది. జడ్జిగారు నిజంగానే కళ్లు దించుకున్నారు.

దించుకున్న కళ్లకు గుమ్మం దగ్గర ఆ అమ్మాయి విడిచిన చెప్పులు కనిపించాయి. ఎడమ చెప్పు పట్టీకి కొత్త కుట్టు.

"అదెక్కడ కుట్టించావమ్మా?"

"పొద్దున కోర్టు లైబ్రరీకి వెళ్తుంటే పట్టీ తెగింది సార్. గేటు పక్కన ముసలాయన కుట్టిచ్చాడు."

"విన్నారా! ఇంకా అక్కడే ఉన్నాడట!" భార్య ముఖం వికసించింది. "కోర్టు లెమ్మన్నా లేవలేదన్నమాట, మొండిఘటం! మంచి పని చేశాడు."

పరిశోధకురాలు ఏదో అనబోయి, జడ్జిగారి ముఖం చూసి, టీ కప్పు అందుకుంది.

"ఈయనున్నారు చూడు, చెప్పు తెగితే కుట్టించరు, పారేస్తారు. చెప్పులు కుట్టినాయన కొడుకంటే ఎవరైనా నమ్ముతారా?"

పరిశోధకురాలి చేతిలో కప్పు ఆగిపోయింది. "ఏమన్నారు ఆంటీ? కోర్టు వాళ్ల సంచికలో, సార్ పరిచయంలో 'తోలు వ్యాపార కుటుంబం' అని ఉంది కదా?"

ఆ వాక్యం జడ్జిగారి స్వీయరచన. న్యాయశాస్త్ర దృష్టితో పరిశీలిస్తే అందులో అబద్ధమన్నది లేదు. తండ్రి దగ్గర తోలుండేది, వ్యాపారముండేది, కుటుంబం ఉండనే ఉంది. లేనిదల్లా దుకాణానికి పైకప్పు.

"ఇంకా దాపరికమెందుకండీ?" భార్య గొంతు తగ్గించింది. "వేళ్లు తెగేలా కుట్టి మిమ్మల్ని చదివించాడు మామయ్య. ఆయన్ని తలుచుకునేగా ఆ తీర్పు రాశారు! రాయండి. సిగ్గేమిటి?"

"నిజమే. ఆయన్ని తలుచుకునే రాశాను," అన్నారు జడ్జిగారు.

"సార్," అంది పరిశోధకురాలు నెమ్మదిగా, "మీరు సంచికలో ఉన్న మాటే రాసినా నేను మారు ప్రశ్న వేయను. పుస్తకం రేపు అచ్చుకు వెళ్తోంది."

జడ్జిగారు లేచి గుమ్మం దాకా నడిచారు. ఒకప్పుడు లోపలికి వస్తేనే హాలు హాలంతటినీ లేపి నిలబెట్టిన ఆ శరీరం, అరిగిన మోకాళ్లు కలుక్కుమంటుండగా నేల మీద చతికిలబడి, ఎడమ చెప్పును ఒళ్లోకి తీసుకుంది.

"అయ్యో, వద్దు సార్!"

ఆయన వినిపించుకోలేదు. బొటనవేలితో కుట్టు పొడుగునా తడిమారు.

"మైనం పట్టించిన దారం. రెండు సూదుల కుట్టు. ఒక దారం తెగినా రెండోది పట్టుకునుంటుంది. మా నాన్న కూడా ఇలాగే కుట్టేవాడు."

తిరిగొచ్చి, నిలబడే రాశారు: చెప్పులు కుట్టడం. ఆఖరి అక్షరం గడిలో ఇమడక గీత దాటింది.

"ఇప్పుడు నిలబడిందా అమ్మాయ్, నీ అధ్యాయం?" కేసు గెలిచిన ప్లీడరులా అడిగింది భార్య.

పరిశోధకురాలు ఫారం అందుకుని గడి చదివింది. "లేదాంటీ. కూలిపోయింది."

"అదేంటి! ఎలా కూలుతుంది?"

ఆ అమ్మాయి జడ్జిగారి వైపు చూసింది. పన్నెండేళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన తీర్పును ఆయన, భార్య ముఖంలోకి చూడలేక, గుమ్మం దగ్గరి చెప్పులకు వినిపించారు.

"ఆ మనిషిని అక్కణ్ణుంచి లేపేయమన్నది నేనొక్కణ్ణే."