లైటు చాల్లేదు

హవా బంతిని వేలి కొస మీద గిర్రున తిప్పుతూ నవ్వింది. షబానా క్లిక్ కొట్టబోతుండగా ఫోన్ మోగింది.

ఆఫీసు నుంచి సంధ్య. జెద్దాలోని ఓ యాడ్ ఏజెన్సీకి మేనేజరు, బెజవాడ మనిషి.

"ఆపెయ్ షబానా. నువ్వు పంపిన శాంపిల్స్ క్లయింట్ చూశారు. ఫేస్ మార్చమంటున్నారు."

షబానా కెమెరా దించింది.

"ఏం మేడం? ఫొటోలు బాగా రాలేదా?"

"ఫొటోలు సూపర్. అమ్మాయే... వాళ్లకి ఫ్రెష్ లుక్ కావాలిట. బెంచీ మీద తెల్లగా ఓ అమ్మాయి ఉందే, లీనా, ఆ పిల్లని పెట్టు."

షబానా గొంతు తగ్గించి బాస్కెట్‌బాల్ కోర్టు మూలకు నడిచింది.

"మేడం, ఈమె క్యాప్టెన్. ఈ ఊర్లో ఈమెను మించి ఆడేవాళ్లు లేరంట. ఆ లీనా సగం మ్యాచుల్లో బెంచీ దిగనే లేదంట."

"జనం స్కోరు చూసి జ్యూస్ కొంటారా? పోస్టర్ చూసి కొంటారు."

"ఆ మాట ఈమెకు ఎవురు చెప్పాల మేడం?"

"అక్కడున్నది నువ్వేగా. లైటు చాల్లేదని చెప్పు. నీ వీసా ఫైల్ నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందా? క్లయింట్ హ్యాపీ అయితే వెంటనే మూవ్ చేస్తా."

ఫోన్ పెట్టేసింది.

సౌదీలో ఆడవాళ్లకు స్టేడియం తలుపులు తెరిచిన ఏడాది అది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుతో పోస్టర్ వేయించాలని ఓ జ్యూస్ కంపెనీకి బుద్ధి పుట్టింది. మగవాళ్లు అడుగుపెట్టని పెళ్లి హాళ్లలో ఫొటోలు తీసుకుంటూ గడిపిన షబానాకు ఇది తొలి పెద్ద పని.

పని బాగుంటే ఏజెన్సీ ఆమెకు ఇకామా, అంటే సౌదీలో ఉండే అనుమతి, ఇప్పిస్తుంది. లేకపోతే లేదు. భర్త మహబూబ్ సుభాని కంపెనీ మూతపడింది. వేరే కఫీల్, అదే స్పాన్సర్, ఎవరూ పూచీ పడటం లేదు. ఇద్దరూ ఎగ్జిట్ వీసా మీద సొంతూరు నంద్యాలకు తిరిగెళ్లాల్సిందే.

అసలే ఆమెకు భయమెక్కువ. గల్ఫ్ యుద్ధంలో తండ్రి సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీలో చిక్కుకుపోతే, తల్లి మదార్బీ నిండు నెలలతో రేడియో పక్కనే కూర్చుని వణికిందట. ఆ వణుకే బిడ్డకు అంటిందని ఇంట్లో అంటారు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి సుభాని, బయట కారులోంచి.

"అయిపాయనా?"

"ఇంగా లేదు."

"మేడం ఏమన్నా అనిందా? ఇకామా మాట ఎత్తినావా?"

"ఎత్తినాలే. పెట్టేయ్."

వెనక నుంచి హవా భుజం తట్టింది. పొడవాటి మనిషి, నల్లని నిగనిగలాడే ముఖం. ఆమె తాతలు ఎప్పుడో పడమటి ఆఫ్రికా నుంచి హజ్‌కు వచ్చి జెద్దాలోనే ఉండిపోయినవాళ్లు.

"ఏమైంది ఉఖ్తీ?" చెల్లెల్ని పిలిచినంత ఆప్యాయంగా అడిగింది.

షబానా వచ్చీరాని అరబ్బీలో గబగబా చెప్పేసింది.

"ఇక్కడ లైటు చాల్లేదు. నీ ముఖం సరిగా రావడం లేదు. లీనాను తీయమన్నారు."

హవా తలెత్తి పైకప్పు వైపు చూసింది. దీపాల వెలుగుకు కోర్టంతా తెల్లగా కాగిపోతోంది.

"లైటు చాల్లేదని నువ్వే అంటున్నావా?"

షబానా లెన్స్ తుడవసాగింది. లెన్స్ మీద దుమ్మేమీ లేదు. తుడుస్తున్న చేయి కూడా తెల్లనిదేం కాదు.

లీనా బెంచీ మీంచి లేవనంది.

"హవా ఉండగా నేనేంటి? నేను రాను."

"లే," అంది హవా, చేయి పట్టి లాగుతూ. "నువ్వు మొండికేస్తే పాపం ఈమె ఉద్యోగానికి ముప్పు."

షబానా ఉలిక్కిపడింది. ఆ మాట తను చెప్పలేదు.

లీనా బంతిని పుచ్చకాయలా పొట్టకు హత్తుకుని నిలబడింది. హవా వెళ్లి ఆమె వేళ్లు సర్దింది, మోచెయ్యి ఎత్తింది. తర్వాత గోడకు ఆనించి ఉన్న రిఫ్లెక్టర్ పలకను అందుకుంది.

"నేను పొడుగు కదా. నేను పట్టుకుంటా."

వెలుగు వెళ్లి లీనా బుగ్గల మీద పడింది. పాలరాయిలా మెరిసిందా పిల్ల. ఫొటో అంచున పలకను పట్టుకున్న నల్లటి వేళ్లు పడ్డాయి. షబానా అక్కడే, కెమెరా తెర మీదే, వాటిని కత్తిరించేసింది.

వెళ్లేటప్పుడు హవా నీళ్ల సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తాగు. వణుకుతున్నావు."



పోస్టర్ మాల్స్‌లో వెలిసింది. ఇకామా వచ్చింది. సుభాని మిఠాయి పంచాడు. షబానాకు మాత్రం నిద్ర సరిగా పట్టలేదు. ఎటు చూసినా లీనా నవ్వే కనబడుతుంటే, ఆ నవ్వు మీది వెలుగు ఎవరు పట్టారో తనకే తెలుసు.

ఉండబట్టలేక ఓ రోజు సంధ్యను అడిగింది.

"మేడం, హవా నంబరు ఇస్తారా? ఒకసారి కలవాల."

"ఆవిడా? పోస్టర్ వచ్చిన వారానికే క్లబ్ మానేసింది. ఫ్యామిలీ మదీనా షిఫ్టయిందిట. ఆ నంబరు పనిచేయట్లేదు."

"ఇంగో పనేమన్నా వస్తే ఆమెకు..."

సంధ్య కంప్యూటర్ మీంచి తలెత్తింది.

"ఆవిడ నీకు బాగా క్లోజ్ అనుకున్నానే! అసలు నిన్ను తెమ్మన్నదే ఆవిడ."

"నన్నా? నేనామెను ఆ రోజే చూసింది మేడం!"

"ఆవిడ నిన్ను ముందే చూసింది. 'మా ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లయినా ఫొటోల్లో నన్ను తెల్లగా మార్చే ఇచ్చారు, మా అక్క పెళ్లిలో నన్ను నా రంగులోనే చూపించింది షబానా ఒక్కతే, ఆమె తీస్తేనే కెమెరా ముందుకొస్తా' అని కండిషన్ పెట్టింది."