వెలగని లైట్లు

నాచారం వైపు రోడ్డు దిగుడులో కారు వెనక ఢామ్మని చప్పుడైంది. శ్యామల కారు పక్కకాపి దిగేసరికి స్కూటీ కిందపడి ఉంది. భర్త బాలరాజు మోకాలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు.

"నా ఎనుక రావొద్దని పొద్దుగాలనే చెప్పిన గద బావా! రానని ఒట్టు గూడ ఏసినవ్!"

"నీకు డ్రైవింగ్ కొత్త. ఎనుకనుంచి ఎవడన్న గుద్దుతడేమోనని కావలి వచ్చిన." నొప్పిలోనే నవ్వాడు. "ఆఖరికి నేనే గుద్దిన."

కారుకి చిన్న సొట్ట పడిందంతే. అతని ప్యాంటు మాత్రం మోకాలి దగ్గర ఎర్రగా తడిసింది.

"బ్రేకు లైట్లు ఎలగనే లేదు. గంత జల్ది ఎట్ల స్లో అయినవ్?"

"బ్రేకు తొక్కలే. గేరు కిందికి గుంజి 'ఎల్' మీద, లో గేరుల ఏసిన. దిగుడుల ఇంజనే బండిని పట్టుకుంటదని నువ్వే నేర్పినవ్ గద."

బాలరాజు నుదురు కొట్టుకున్నాడు. "అవు గద! గట్లయితే లైట్లు ఎలగవని గూడ నేనే చెప్పిన. తప్పు నాదే. ఫికర్ జేయకు. నేనొస్తున్నట్టు నువ్వు సూడలే గద?"

"సూడలే బావా." తలెత్తకుండా అతని మోకాలికి చున్నీ కట్టింది.

ఉప్పల్ చౌరస్తా నుంచీ అద్దంలో ఆ స్కూటీని చూస్తూనే ఉంది. దిగుడులో అది బాగా దగ్గరికి రాగానే, ఒక్కసారి గుండె జారితే రేపట్నుంచి వెంట రావడం మానుకుంటాడని, గేరు కిందికి లాగింది.

లైట్లు వెలగవని తెలిసే లాగింది.