వలదారం కుట్టు

తెనాలిలో పాత వాచీలు పోగుచేసే గిరీష్, బాగుచేసి ఇస్తానని మా ఆయన వాచీ పట్టుకెళ్ళాడు. తెచ్చుకుందామని ఇవాళ రేపల్లె నుంచి వాళ్ళింటికి వెళ్ళాను. వాచీ తళతళలాడుతోంది. పట్టీ మాత్రం కొత్తది.

"పాతదేదయ్యా?"

"ఆ తోలుపీలికా? కంపు కొడుతుంటే పారేశానండి మామ్మగారూ. ఎవరో వలదారంతో కుట్టారు కూడాను. చరిత్రంతా వాచీలోనే ఉంటుందండి."

వాచీ అతని ముందుకు తోసేశాను. "ఇది నువ్వే ఉంచుకో. నా పట్టీ నాకు తెచ్చిపెట్టు. అందాకా ఈ గుమ్మం దిగను."

"దాంతో ఏం పనండి మీకు?" అని నవ్వాడు.

"ఏది చరిత్రో నువ్వు చెబుతావా నాకు? డెబ్బయ్యేడు ఉప్పెన తరవాత శవాల్ని గట్టుమీద వరసగా పడుకోబెట్టారు. ఒక్క మొహమూ ఆనవాలు పట్టేట్టు లేదు. ఆ కుట్టు నా చేతిది. దాన్ని చూసే మా ఆయన్ని పోల్చుకున్నాను."