తలుపు లోపలివైపు

“బయటి దేశం నుంచి పనివాణ్ని వీసా మీద తెచ్చుకోవాలంటే, ముందు ఇక్కడివాళ్లకి ఆ ఉద్యోగం ఉందని చెప్పాలట. పని జరిగేచోట ప్రకటన అంటించాలట,” అన్నాడు యజమాని. “అంటించు. కానీ ఎవడి కంటా పడకూడదు.”

సూపర్‌వైజరు తలూపాడు. ఇక్కడివాడు ఒక్కడు వచ్చి చేస్తానన్నా వీసా రాదు. రావాల్సినవాడు తన సొంత బావమరిది.

“దరఖాస్తులో, పాత పనివాడు ఎందుకు మానేశాడని రాయను సార్?”

“మానడమేమిటి! చెప్పాపెట్టకుండా పారిపోయాడు. కంపెనీ కోటు కూడా ఇచ్చిపోలేదు, దొంగ వెధవ. అదే రాయి.”

సూపర్‌వైజరు చేరకముందటి సంగతి అది. అదే రాశాడు.

చేపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజి అది. అందులో ఒక పాత గది ఉంది. అప్పట్లోనే సరుకు కొన్నవాళ్లతో తగాదా వచ్చి, పెట్టెలు కప్పుదాకా పేర్చి తాళం వేసేశారు. అప్పటినుంచి చలి యంత్రం తిరుగుతూనే ఉంది. లోపలికి మాత్రం ఎవరూ పోలేదు.

సూపర్‌వైజరు ఆ తాళం తీశాడు. దానంతట అదే మూసుకుపోయే బరువైన తలుపును కాలితో ఆపి, లోపలివైపు ప్రకటన అంటించాడు. పిడి ఊడిపోయినచోట రెండు రంధ్రాలున్నాయి. సరిగ్గా వాటిమీదే అంటించి, వీసా ఆఫీసుకి పంపడానికి ఫొటో తీసి, మళ్లీ తాళం వేశాడు.

“మా తమ్ముడి సంగతి ఏం చేశారు?” ఫోన్లో అడిగింది భార్య.

“ఇంకెవరూ రాకపోతే చాలు. ఆ ఉద్యోగం వాడిదే.”

కానీ ఒకరు వచ్చారు.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ పేలిపోతోంది. ఆఫీసు గదిలోకి వచ్చిన పెద్దాయన మాత్రం మందపాటి నీలం కోటుకి మెడదాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు.

“ఉద్యోగం ఉందని చూశాను బాబూ.”

“ఎక్కడ చూశారు?”

“తలుపు మీద. పిడి ఉండాల్సినచోట అంటించావుగా.”

సూపర్‌వైజరు జేబులో తాళంచెవి తడిమి చూసుకున్నాడు. ఫొటో చూసినవాడెవడో చెప్పి ఉంటాడులే అని సర్దుకున్నాడు.

“మీరు ఈ ఊరివాళ్లేనా?”

“వచ్చింది ఎక్కడినుంచో. ఇప్పుడు ఇక్కడే.”

“ఈ చలి మీరు తట్టుకోలేరు పెద్దాయనా.”

“అలవాటైపోయింది.”

“పెట్టెలు మొయ్యాలి. నడుం పడిపోతుంది. ఇంటిపట్టున కూచుని మనవళ్లని ఆడించుకోక, ఈ వయసులో ఎందుకండీ మీకు?”

ఆయన నవ్వలేదు. “జీతం అక్కర్లేదు. ఆ పనిలోకి ఇంకొకర్ని పిలిపించకు. అంతే.”

ఓహో, బయటివాళ్లంటే గిట్టని మనిషన్నమాట అనుకున్నాడు సూపర్‌వైజరు. అతని గొంతు పెరిగింది. “నేను పిలిపించేది మా బావమరిదిని. వాడి నోటిదగ్గర కూడు లాగేస్తారా?”

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

“అయితే వాడు రాకముందే ఆ తలుపుకి లోపల పిడి పెట్టించు బాబూ.”

“అలాగేలెండి. వెళ్లిరండి.”

ఆయన వెళ్లాక కుర్చీ పక్కకి జరపబోతే చేతికి చల్లగా, తడిగా తగిలింది.

ఉద్యోగం అడగడానికి ఎవరూ రాలేదని సూపర్‌వైజరు వీసా ఆఫీసుకి రాసి పంపాడు. పిడి మాట యజమాని చెవిన వేశాడు.

“ఎవరూ పోని గదికి పిడెందుకయ్యా?”

నిజమేగా అనిపించింది.

బావమరిది వచ్చాడు. వచ్చినవాడికి మంచం, గది, చలి కోటు ఇవ్వాలని నిబంధన. మంచమూ గదీ చూపించి, కోటు వచ్చేవారం ఇస్తానన్నాడు యజమాని.

ఆ వారంలోనే తగాదా తేలిపోయింది. పాత గది ఖాళీ చెయ్యాలన్నారు.

“తాళం తీసి ఉంచరా, వస్తున్నా,” అని సూపర్‌వైజరు లారీ దగ్గరికి వెళ్లాడు. అక్కడ డ్రైవరుతో మాటామాటా పెరిగింది. తిరిగి వచ్చేసరికి పాత గది తలుపు మూసి ఉంది. బావమరిది ఎక్కడా లేడు. ఆ మందం తలుపులోంచి ఏ చప్పుడూ బయటికి రాదు.

“ఒరేయ్!”

తలుపు లాగాడు. గడప దగ్గరే కూలబడి ఉన్నాడు బావమరిది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి ఉంది. ఒంటిమీద నీలం కోటు ఉంది.

ఎండలోకి మోసుకొచ్చి, దుప్పట్లు కప్పి, గోరువెచ్చటి నీళ్లు తాగించారు. చాలాసేపటికి వాడు నోరు విప్పాడు.

“నిద్ర ముంచుకొచ్చేసింది బావా. పడుకోనిస్తేనా ఆ పెద్దాయన! చెంపలు వాయించాడు. కబుర్లు చెప్పమని ప్రాణం తీశాడు. మా అక్క నిన్ను తిట్టే తిట్లన్నీ చెప్పించుకున్నాడు.”

“ఏ పెద్దాయనరా?”

“లోపలున్నాడుగా! ఈ కోటు ఆయనదే. తలుపు తెరుచుకోగానే వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన్ని కూడా పిలు, పాపం చలిలో ఉన్నాడు. నిన్ను ఒక మాట అడగమన్నాడు.”

“ఏమని?”

“పిడి పెట్టించావా అని.”

అప్పుడే పరుగెత్తుకొచ్చిన యజమాని కోటు అంచు తిరగేసి, లోపల కుట్టిన కంపెనీ గుర్తు చూశాడు. అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

సూపర్‌వైజరు తలుపుకి పెట్టె అడ్డం పెట్టి లోపలికి వెళ్లాడు. “పెద్దాయనా!” అని పిలిచాడు. చేతులెత్తి దండం పెట్టాలనీ, ఆ ఉద్యోగం మీదేనని చెప్పాలనీ అనుకుంటూ ఒక్కొక్క పెట్టే దించాడు.

చివరి వరసకీ గోడకీ మధ్య, ఫ్యాను గాలి తగలని సందులో, పారిపోయాడని తను రాసిన పాత పనివాడు ఒళ్లంతా మంచు పేరుకుని, కోటు లేకుండా, తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు.