అడుగుకి చేరని వెలుతురు

"లైటు మార్చక్కర్లేదండి. లైటు బాగానే ఉంది," అన్నాడు శశిధర్.

"మార్చండి. మార్చడానికే పిలిచాను," అంది దుర్గాభవాని.

శశిధర్ తడి చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. బాపట్ల నుంచి ఆటోలో సముద్రపు నీళ్ళ క్యాన్లు వేసుకుని వచ్చాడు. తెనాలిలో అతను నీళ్ళు పోసే ఉప్పునీటి అక్వేరియం ఇదొక్కటే. నాలుగడుగుల గాజు తొట్టె. అందులో రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు. వాటిని పెంచిన దుర్గాభవాని భర్త వినోద్ కుమార్ పోయి నెలా నాలుగు రోజులు.

మధ్య రాయి మీద ఆకుపచ్చ పగడం ఉంది. వినోద్ కుమార్ తెచ్చిన రోజున అది చిటికెనవేలి గోరంత ముక్క. ఇప్పుడు అరచేయంత అయింది. దాని అంచులు పాలిపోయాయి.

"వీటికి తిండి వెలుతురేనండి. ఇంకో పదిరోజులు ఇలాగే ఉంటే అన్న పెంచిన ఈ పగడం మిగలదు."

"అందుకే లైటు మార్చమంటున్నాను."

"ఆ డబ్బాని కిటికీ దగ్గర పెట్టుకోరా అని వాడికి ఎన్నిసార్లు చెప్పానో," అంది కుర్చీలోంచి ఆమె అత్తగారు కోటమ్మ. "ఊరందరికీ వచ్చే ఎండ దీనికి పనికిరాదంట. నీలంరంగు ఎండే కావాలంట."

"ఎండలో పెడితే నాచు పట్టేస్తుంది పెద్దమ్మగారూ."

"వాడూ అదే అనేవాడు."

శశిధర్ లైటు అద్దం మీద పేరుకున్న ఉప్పుని తడిగుడ్డతో తుడిచాడు. లైటుని నాలుగు అంగుళాలు కిందికి దించాడు. టైమరు చూశాడు. పొద్దున తొమ్మిదికి వెలిగి సాయంత్రం ఆరింటికి ఆరిపోతుంది. అందులోనూ తేడా లేదు.

"నేను స్కూలుకి వెళ్ళాక ఎవరైనా ఆర్పేస్తున్నారేమో," అంది దుర్గాభవాని.

"ఎవరైనా అంటే ఇంట్లో ఉండేది నేనేగా," అంది కోటమ్మ. "నేనెందుకు ఆర్పుతానమ్మా? ఆ లైటు వెలిగేదాకా నాకు తెల్లారినట్టే ఉండదు."

శశిధర్ సంచిలోంచి వెలుతురు కొలిచే మీటరు తీశాడు. దాని కొసని నీళ్ళ పైన పెట్టాడు. మూడు వందలు చూపించింది. అదే కొసని నీళ్ళలోకి దించి పగడం పక్కన పెట్టాడు. డెబ్భై.

"చూశారా? పైన ఉన్న వెలుతురు కిందికి రావడం లేదు. మధ్యలో ఏదో ఆపేస్తోంది."

"మధ్యలో నీళ్ళేగా ఉన్నాయి."

"ఆ నీళ్ళేనండి మసకగా ఉన్నవి."

అతను సెల్‌ఫోన్ టార్చి వెలిగించి గాజుకి పక్కనుంచి పట్టాడు. నీళ్ళనిండా సన్నటి నలకలు తిరుగుతున్నాయి. చెయ్యి పెట్టి అడుగున ఇసక కొంచెం పైకి తీశాడు. ఇసకతోపాటు సున్నంలాంటి పొడి వేళ్ళకి అంటుకుంది.

"స్లాబు పెచ్చులూడుతోందా?" అన్నాడు.

ముగ్గురూ పైకి చూశారు. స్లాబు నున్నగా ఉంది.

"మీ నీళ్ళలోనే ఉందేమో," అంది దుర్గాభవాని.

"సూర్యలంక సముద్రంలో పట్టి, రెండుసార్లు వడకట్టి తెస్తానండి. ఇదిగో, చూడండి." అతను ఒక క్యాను మూత తీసి గ్లాసులో పోసి చూపించాడు. గ్లాసు వెనక అతని వేలి గీతలు కూడా కనిపించాయి. "ఈ పొడి ఫిల్టరుకి అందనంత సన్నంగా ఉంది. పంపు తిరిగినప్పుడల్లా పైకి లేస్తోంది. నీళ్ళు మొత్తం తీసేసి, ఇసక కడిగి, కొత్త నీళ్ళు పోద్దాం. మీటరులో అంకె అదే పెరుగుతుంది."

"నీళ్ళు ముట్టుకోకండి. లైటు మార్చి వెళ్ళండి, చాలు."

"జ్వరం ఒకరికైతే మాత్ర ఇంకొకరికి వేస్తే ఎలాగండీ?" అన్నాడు శశిధర్. "అన్న చేత్తో పెంచింది. నా కళ్ళముందు చస్తుంటే చూడమంటే నావల్ల కాదు."

అతను గొట్టం ఒక కొస తొట్టెలో వేసి, రెండో కొస కిటికీలోంచి బయటికి వదిలాడు.

"ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి నాయనా?" అంది కోటమ్మ.

"బయట మురిక్కాలవలోకమ్మా."

కోటమ్మ లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నాలుగడుగులు నడిచి వచ్చి, గొట్టాన్ని తొట్టెలోంచి లాగేసింది. ఆమె చీర ముందంతా తడిసింది.

"మురిక్కాలవలోకి వద్దు."

"పెద్దమ్మగారూ, ఉత్త నీళ్ళే..."

"ఉత్త నీళ్ళు కాదు." ఆమె గొట్టాన్ని వదల్లేదు. "సూర్యలంకకి ఆడవాళ్ళు రాకూడదన్నారు రేపల్లె బావగారు. వాడి అస్థికలు మగవాళ్ళే తీసుకెళ్ళి సముద్రంలో కలిపేసి వచ్చారు. ముందురోజు అస్థికల కుండ ఇంట్లోకి తేకూడదని వాకిట్లో ప్రహరీగోడకి వేలాడదీశారు. అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి చిటికెడు బూడిద తీసి కొంగున ముడేసుకున్నాను. వాడికి తెలిసిన సముద్రం ఇదేగా. ఇందులో కలిపాను."

శశిధర్ వేళ్ళకి అంటిన పొడి వైపు చూసుకున్నాడు. చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో అతనికి తెలియలేదు. మళ్ళీ తొట్టెలోనే ముంచి, మెల్లగా కడిగి తీశాడు. తర్వాత వంగి, అడుగున ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకున్న తెలుపుని చూశాడు.

"చిటికెడుకి ఇంత మసక రాదు పెద్దమ్మగారూ," అన్నాడు.

కోటమ్మ కోడలి వైపు తిరిగింది. దుర్గాభవాని లైటు వైపే చూస్తోంది.

"నేను వెళ్ళేసరికే కుండకి కట్టిన గుడ్డ ముడి వదులుగా ఉందత్తయ్యా," అంది. "నేను దోసిలితో తీశాను."